అప్‌డేట్: ఆయన మరొకరిని కలిసే రాత్రి నాకు నిద్ర పట్టని సమస్య

నేనూ నా భాగస్వామీ పరస్పర అంగీకారంతోనే బహుళ బంధాల్లో (ఒకరికి మించి ప్రేమబంధాలు) ఉన్నా, ఆయన తన మరో ప్రియురాలిని కలిసే రాత్రి నాకెందుకు నిద్ర పట్టదని మార్చిలో అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అసూయను వదిలి అనుబంధ శైలి (దగ్గరివాళ్లతో మనం ముడిపడే తీరు) చూడమన్న సలహాయే పనిచేసింది. నాది ఆందోళనతో అంటిపెట్టుకునే తీరు, ఆయనది ఒత్తిడి వస్తే ముడుచుకుపోయే తీరు అని కౌన్సెలర్ తేల్చారు. నేను వరుసగా మెసేజ్‌లు పెట్టేదాన్ని, ఆయన ఫోను బోర్లా పెట్టేసేవారు. మనోవైద్యుడు బౌల్బీ పసివాళ్ల అనుబంధం గురించి చెప్పినదాన్ని 1987లో హజాన్, షేవర్ అనే మనస్తత్వ పరిశోధకులు పెద్దల ప్రేమకూ అన్వయించారట. నేను మాత్రం నలభై ఏళ్ల పసిదాన్ని!

ఇప్పుడు తిరిగివచ్చే వేళ ముందే చెబుతారు, మర్నాటి కాఫీ మా ఇద్దరిదే. ఆరు వారాలకు నిద్ర కుదిరింది. ఫోనులో ఆయన లొకేషన్ చూడటం దండగ: మ్యాప్‌లో చుక్క కదలకపోతే గుండెదడ పెరిగింది. ఆమె ఎవరన్నది అసలు సంగతే కాదు.