తుపాకీ మోతకు బెదిరిన వేటకుక్కను మళ్ళీ పనిలోకి తేవడం: మీ అనుభవాలు చెప్పండి

నల్లలాబ్:
మా ఆడ లాబ్రడార్‌కి మూడేళ్ళు. పడిన పిట్టను ఒక్క ఈక నలగకుండా నోట కరుచుకొచ్చి చేతిలో పెట్టే రకం. నీళ్ళంటే ప్రాణం. పోయిన సీజన్‌లో మా పక్కన నిలబడ్డాయన చెప్పాపెట్టకుండా దాని నెత్తి మీదుగా రెండు గొట్టాలూ వెంటవెంటనే పేల్చేశాడు. అప్పట్నుంచి తుపాకీ సంచి జిప్పు లాగిన చప్పుడు వినపడితే చాలు, తోక కాళ్ళ మధ్య దోపుకుని బండి కిందికి దూరుతోంది. ఉత్త మైదానంలో డమ్మీ (పిట్ట బదులు తెమ్మని విసిరే బొమ్మ) విసిరితే మాత్రం ఎప్పటిలాగే పరుగు. ఉరుములకు ఎన్నడూ బెదరలేదు. ఇలాంటి కుక్కను మళ్ళీ దారికి తెచ్చుకున్నవాళ్ళు ఉంటే ఎక్కడ మొదలుపెట్టారో వివరంగా చెప్పండి. దీన్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి మనసొప్పడం లేదు.

పాతకాపు:
ముందు మోత పూర్తిగా ఆపేయండి. కొన్ని వారాలపాటు ఒక్క పేలుడూ దాని చెవిన పడకూడదు. ఒకసారి అదిరిన కుక్కకి ఆ బెదురు ఒంట్లోంచి వెంటనే దిగదు. దిగకముందే ఇంకోటి తగిలితే తలుపు చప్పుడుకి కూడా ఎగిరిపడుతుంది.

మీరు చెప్పినదాంట్లో మంచి కబురు, డమ్మీ మీద ఆశ చావకపోవడం. దాన్ని కళ్ళలో పెట్టుకుని కాపాడుకోండి. డమ్మీ విసిరి, ‘ఇప్పుడు ఒకటి పేల్చి చూద్దాం’ అని మాత్రం అనుకోవద్దు. భయం మోత దగ్గర ఆగదు, డమ్మీకి కూడా అంటుకుంటుంది. అలా డమ్మీనే వాసన చూడని కుక్కల్ని చూశాను, వాటిని వెనక్కి తేవడం చాలా కష్టం.

ఇంకో మాట. మీ కుక్కకి మోత ఒక భయం, సంచి జిప్పు ఇంకో భయం. జిప్పుది ఇంట్లోనే తీర్చేయొచ్చు. సంచిలో ఏమీ పెట్టకుండా, కుక్క గదికి ఆ చివర ఉండగా జిప్పు ఒక్క బెత్తెడు లాగండి, వెంటనే ఒక మాంసం ముక్క. మూసేయండి. అంతే, ఆ పూటకి చాలు. జిప్పు వినగానే అది ముక్క కోసం మీ మొహం చూడటం మొదలుపెట్టాక, మిగతాది తేలిక.

పొలంగట్టు:
మా దగ్గర ఒక పెద్దాయన, ఇలాంటి కుక్కను షూటింగ్ రేంజ్ పక్కన తాడేసి కట్టేస్తే పొద్దుగూకేసరికి అలవాటైపోతుందంటారు. ఎవరైనా చేసి చూశారా?

ఈలపాట:
పొలంగట్టు గారూ, దయచేసి ఆ పని చేయకండి, ఇంకొకరికి చెప్పకండి. అక్కడ మోత ఆగదు, మోత వెనక పరుగూ ఉండదు, పిట్టా ఉండదు. పారిపోయే దారి లేని కుక్క చివరికి కదలకుండా పడుకుంటుంది. చూసేవాళ్ళకి అది అలవాటైనట్టే కనిపిస్తుంది. దాని దగ్గరికెళ్ళి ఇష్టమైన ముక్క నోటికందించండి. తినదు. చొంగ కారుస్తూ మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఆ పడుకోవడం ధైర్యం కాదు, ఇక తన చేతిలో ఏమీ లేదని వదిలేయడం.

స్పానియల్‌జత:
మా ఇద్దరు స్పానియల్స్‌లో చిన్నది ఇలాగే బెదిరింది, ఇప్పుడు పనిలో ఉంది. మేం చేసింది చెబుతాను.

దూరమే మందు. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే మోత దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. షాట్‌గన్ మోత దగ్గర్లో 150 డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి దూరం పోయామనుకుంటే లాభం లేదు. స్టార్టర్ పిస్టల్ (పరుగుపందేలు మొదలుపెట్టేటప్పుడు పేల్చేది), అందులో బ్లాంక్‌లు (గుండు లేని తూటాలు), పట్టుకోవడానికి నమ్మకస్తుడైన మనిషి కావాలి. ఆయన మూడు వందల మీటర్ల అవతల, గాలి మనవైపు నుంచి ఆయనవైపు వీచేలా నిలబడాలి. గొట్టం అటు తిప్పి పేల్చాలి. చుట్టూ గుట్టలు, చెట్లు ఉంటే మోత తిరిగొచ్చి ఎటునుంచి వస్తుందో తెలియక కుక్క ఇంకా కంగారుపడుతుంది, అందుకని చదునైన బయలే ఎంచుకోండి.

కుక్క వినాలి, కానీ లెక్కచేయకూడదు. చెవి ఒకసారి తిప్పి మళ్ళీ గడ్డి వాసన చూస్తే సరైన దూరంలో ఉన్నట్టు. పెదాలు నాక్కోవడం, ఊరికే ఆవులించడం, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి నిలబడటం, ముక్క తీసుకునేటప్పుడు వేళ్ళు కొరికినంత గట్టిగా లాక్కోవడం, వీటిలో ఏది కనిపించినా దగ్గరున్నట్టే. మేకు నాటి కొలిచిన దూరం కంటే ముక్క తీసుకునే తీరునే నేను ఎక్కువ నమ్ముతాను.

వరుస తప్పకూడదు. ముందు మోత, ఒక్క క్షణం ఆగి ముక్క. ముందు ముక్క చూపించి తర్వాత పేల్చామా, కొన్నాళ్ళకి ముక్క కనపడితేనే వణుకు మొదలవుతుంది. మోత వినగానే సంతోషంగా మనవైపు తిరగడం వచ్చాకే ముక్క బదులు డమ్మీ విసిరాం. పూటకి రెండు మూడు పేలుళ్ళు మించలేదు. కొన్ని పూటలు ఒక్కటే.

పిస్టల్ నుంచి షాట్‌గన్‌కి మారేటప్పుడు మళ్ళీ మొదటి దూరానికి వెళ్ళాలి. పిస్టల్‌ది పదునైన టప్ మనే చప్పుడు, షాట్‌గన్‌ది గుండెలో తగిలే బరువైన మోత. కుక్కకి ఈ రెండూ ఒకటి కావు. అందుకే ఫోన్‌లో పేలుళ్ళ రికార్డింగ్ పెట్టి వినిపించడాన్నీ నేను పూర్తిగా నమ్మను. చిన్న స్పీకర్లో ఆ బరువు రాదు.

పశువైద్యం_నావృత్తి:
శిక్షణకి ముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. చెవుల్లో నొప్పి, నడుము నొప్పి, కీళ్ళ నొప్పి ఉన్న కుక్కలు మోతకు ఒళ్ళు బిగుసుకుంటే నొప్పి పెరిగి, మోతనీ నొప్పినీ కలిపేసుకుంటాయి. అప్పుడు ఎన్ని ముక్కలు పెట్టినా ఫలితం ఉండదు.

మందుల గురించి: అసిప్రోమజిన్ అనే మత్తుమందు ఒక్కటే వేసి సరిపెట్టకండి. ఒళ్ళు మందగిస్తుంది గానీ లోపల భయం అలాగే ఉంటుంది. మోతల భయానికని చిగుళ్ళకు రాసే డెక్స్‌మెడెటోమిడిన్ జెల్ ఉంది, ఇంకా వేరేవీ ఉన్నాయి. ఏది, ఎంత అన్నది కుక్కను చూసిన డాక్టరే చెప్పాలి.

భయపడుతున్నప్పుడు నిమిరితే భయం పెరుగుతుందని చాలామంది దగ్గరికి తీసుకోరు. అది తప్పు. ఒళ్ళోకొస్తే రానివ్వండి.

పాతకాపు:
ఒక్కటి చేర్చాలి. ఎంత ఓపిక పట్టినా కొన్ని కుక్కలు తుపాకీ పక్కన కూర్చోలేవు. మోతలు దూరంగా వినిపించే చోట, వెనక నుంచి పిట్టల్ని ఏరుకొచ్చే పనికి పెడితే అవే కుక్కలు హాయిగా పనిచేస్తాయి. పుట్టుకతోనే మోత పడనివాటికి మాత్రం పిల్లలు వేయించకండి. మీదానిది అలాంటి కేసు కాదు, కారణం కళ్ళెదుట ఉంది.

నల్లలాబ్:
అందరికీ చాలా థాంక్స్. డాక్టరు చూశారు, చెవులూ నడుమూ బాగున్నాయి. జిప్పు తీస్తే ఇప్పుడు పరిగెత్తుకొచ్చి ముక్క కోసం కూర్చుంటోంది. మైదానం అవతల మా బావమరిది పిస్టల్ పేలిస్తే తలెత్తి, నా వైపు తిరిగి తోకాడిస్తోంది. నిన్న మొదటిసారి మోత తర్వాత డమ్మీ విసిరాను, వెళ్ళి తెచ్చింది. ఇక ఆయన్ని యాభై అడుగులు దగ్గరికి రమ్మననా?

స్పానియల్‌జత:
చాలా సంతోషమండీ! ఇప్పుడే దగ్గరికి వద్దు. అదే దూరంలో ఉంచి ముందు చోటు మార్చండి, వేరే మైదానం, వేరే వేళ. కుక్కలు నేర్చుకున్నది చోటుతో ముడేసుకుంటాయి. కొత్తచోట కూడా అలాగే తోకాడిస్తే అప్పుడు ఇరవై అడుగులు జరపండి, యాభై వద్దు. దగ్గరికి జరిపిన రోజు డమ్మీ తీయకండి, ముక్కలే.