పిల్ల లెక్క తప్పుతుంటే మెంటార్ నోరు విప్పాలా, వద్దా?

నోట్‌బుక్ నాన్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. చేత్తో కుట్టిన నోట్‌బుక్కులు ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. ఖర్చు 100 అయితే 25 శాతం వేసుకుని 125కి పెట్టింది. తర్వాత 20 శాతం డిస్కౌంట్ ప్రకటించింది. ఇంకా 5 శాతం మిగులుతుందని దాని ధీమా. 125లో 20 శాతం అంటే 25. మిగిలింది సున్నా. పైగా కొరియర్ ఫ్రీ అంది! మెంటార్ ఆ లెక్క ముందే చూశారట. అడిగితే ‘తనే తెలుసుకోవాలని ఊరుకున్నా’ అన్నారు. ఇదేం మెంటారింగ్?

లెక్కచూద్దాం: సరిగ్గా చేశారు. లాభం వేసుకున్నది ఖర్చు మీద, డిస్కౌంట్ ఇచ్చింది అమ్మే ధర మీద. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని ముక్క ఇది. నేనూ పిల్లలకు మెంటార్‌గా ఉన్నా. ఒకసారి ధర చెప్పేస్తే ఇక ప్రతిదానికీ ‘సార్, ఎంత పెట్టమంటారు?’ అనే అడుగుతారు.

కలంపురుగు: చెప్పడం వేరు, అడగడం వేరు. ‘డిస్కౌంట్ పోగా ఒక్కో పుస్తకం మీద నీ చేతికి ఎంత వస్తుంది?’ అంటే పిల్లే లెక్క కట్టుకునేది. ఊరుకోవడం ఓ పద్ధతి ఎలా అవుతుంది? మావాడి మెంటార్ దీనికి పూర్తి రివర్స్. ధర ఆయనే, డిజైన్ ఆయనే, కస్టమర్లకు జవాబులూ ఆయనే. మావాడు జీతంలేని గుమాస్తా అయ్యాడు. మానేశాడు.

పాతచందాదారు: అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది?

నోట్‌బుక్ నాన్న: నా పేరు మీద. పేపాల్ లాంటివి 18 నిండనివాళ్లకు అకౌంట్ ఇవ్వవు కదా. దానికీ దీనికీ ఏం సంబంధం?

పాతచందాదారు: నష్టం ఎవరికి తగిలిందో తెలుస్తుందని.

లెక్కచూద్దాం: మంచి ప్రశ్న. జూనియర్ అచీవ్‌మెంట్ అనే సంస్థ 1919లో మొదలైంది. వాళ్ల కంపెనీ కార్యక్రమంలో పిల్లలు షేర్లు అమ్మి పెట్టుబడి తెచ్చుకుని, చివర్లో కంపెనీ మూసి లెక్క అప్పజెప్పేవారు. నష్టం వస్తే షేర్లు కొన్నవాళ్ల ముఖం చూసి చెప్పుకోవాల్సిందే. మీ అమ్మాయి ఎవరికి చెప్పుకుంది?

నోట్‌బుక్ నాన్న: కొరియర్ డబ్బులు నేనే కడుతున్నా. అది ఇంకా లాభంలోనే ఉన్నాననుకుంటోంది.

లెక్కచూద్దాం: అదిగో! తెలుసుకోనిద్దామని ఆయన ఊరుకుంటే, తెలియకుండా మీరు పూడ్చేశారు. తిట్లు మాత్రం మెంటార్‌కి! నాకూ ఇదే జరిగింది. ఓ తండ్రి కొడుకు నష్టాన్ని చాటుగా కట్టేశాడు. వాడు ధైర్యంగా రెట్టింపు సరుకు తెప్పించాక, ఆ తండ్రే వచ్చి నా మీద అరిచాడు.

నోట్‌బుక్ నాన్న: మీ పాత కక్షలు నా మీద తీర్చుకోకండి. పిల్ల అర్ధరాత్రి దాకా కూర్చుని కుడుతోంది. నష్టమని చెబితే మళ్లీ సూది పట్టదు. నాకు దాని లాభం అక్కర్లేదు, ఆ హుషారు పోకూడదు.

కలంపురుగు: అసలు మాట ఇప్పుడొచ్చింది. మీకది హాబీ, మెంటార్‌కి వ్యాపారం. అమ్మాయిని ఎవరైనా అడిగారా?

నోట్‌బుక్ నాన్న: వ్యాపారమనే అంటుంది. అందుకే టెన్షన్.

లెక్కచూద్దాం: అయితే కొరియర్ రసీదులు అమ్మాయి ముందు పెట్టండి.

నోట్‌బుక్ నాన్న: పరీక్షలయ్యాక చూద్దాం.

పాతచందాదారు: డిస్కౌంట్ ఇంకా నడుస్తోందా?