సీసాలో గులాబీ చిగుళ్లు గుబురుగా ఉన్నాయి, వేరు మాత్రం రావట్లేదు

కడియపులంక కుర్రాడు:
మాది చిన్న నర్సరీ అండి. నాన్నగారు ముప్పై ఏళ్లుగా గులాబీలకి అంట్లు కడుతున్నారు. నేను బోటనీ చదివి, ఇంటి వెనక గదిలో టిష్యూ కల్చర్ (చిన్న ముక్క నుంచి సీసాలో మొక్కలు పెంచడం) మొదలెట్టాను. ఎర్ర గులాబీ కణుపు ముక్కలు, ఎంఎస్ మీడియం (మొక్కకి కావలసిన లవణాలూ పోషకాలూ కలిపినది), లీటరుకి 30 గ్రాముల పంచదార, 8 గ్రాముల అగర్, చిగుళ్లు తెప్పించే హార్మోన్ బీఏపీ 3 మిల్లీగ్రాములు. మొదటి విడత 40 సీసాల్లో 26 బూజు పట్టాయి. ఉక్కపోత తట్టుకోలేక ఫ్యాను వేసుకుని ముక్కలు పెట్టాను, తప్పు నాదే. మిగతావి బాగానే చిగుళ్లు తొడిగాయి, మూడుసార్లు విడదీసి మార్చాను. ఇప్పుడేమో ఆకులు ఉడికిన సగ్గుబియ్యంలా మెరుస్తున్నాయి, పట్టుకుంటే చిట్లిపోతున్నాయి. వేళ్ల కోసం లీటరుకి 1 మిల్లీగ్రాము ఐబీఏ హార్మోన్ వేసి అయిదు వారాలైంది. ఒక్క వేరు లేదు. ఐబీఏ పొడి నీళ్లలో వేస్తే అడుగున తెల్లగా మిగిలింది, అదేనా కారణం? నాన్నగారు రోజూ ఒక సీసా ఎత్తి చూసి, ఏమీ అనకుండా పెట్టేస్తున్నారు. తిట్టినా ఇంత టెన్షన్ ఉండదు.

రాజమండ్రి ల్యాబ్ అక్క:
అదే కారణం తమ్ముడూ, సగం వరకు. ఐబీఏ నీళ్లలో సరిగా కరగదు. ముందు కొద్ది చుక్కల ఆల్కహాల్‌లో కరిగించి, తర్వాత నీళ్లు పొయ్యాలి. అసలు ఒక్క మిల్లీగ్రాము ఎలా తూచావు? 100 మిల్లీగ్రాములు కరిగించి 100 మిల్లీలీటర్లు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకో, లీటరు మీడియంకి అందులోంచి ఒక మిల్లీలీటరు చాలు.

మిగతా సగం బీఏపీ. బీఏపీ లాంటి సైటోకైనిన్ ఎక్కువైతే మొక్క చిగుళ్లకే పోతుంది, ఐబీఏ లాంటి ఆక్సిన్ పైచేయి అయితే వేళ్లకి వస్తుంది. స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు 1957లో పొగాకు కణజాలం మీద చూపించింది ఇదే. నీ చిగుళ్లలో పాత బీఏపీ ఇంకా ఉంది, అది వేరుని రానివ్వదు. ఒక విడత బీఏపీ లేకుండా పెంచి, ఆ తర్వాత ఎంఎస్ లవణాలు సగానికి తగ్గించి ఐబీఏ ఇవ్వు. గాజులా అయినవి మాత్రం మొహమాటం లేకుండా పారెయ్. ఈసారి చిగుళ్లు పెంచేటప్పుడు బీఏపీ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకు, సీసాలో నీటి ఆవిరి కమ్ముకోకుండా బిగుతు మూతల బదులు దూది బిరడాలు పెట్టు.

వేమగిరి పెద్దాయన:
బాబూ, వేళ్లొచ్చాయని పండగ చేసుకోకు. సీసాలో పెరిగిన ఆకుకి మైనం పొర సరిగా ఉండదు, బయట పెట్టిన గంటలో వాలిపోద్ది. వేళ్లకంటిన జెల్లీ శుభ్రంగా కడుగు, ఆ పంచదారకే బూజు పడతాది. కొబ్బరి పొట్టులో పెట్టి, మీద ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి, రోజుకి కాస్త కాస్త ఎత్తుతూ రా. ఎండాకాలం ఈ పని పెట్టుకోకు. పది మొక్కలకైతే మీ నాన్న అంటు కట్టడమే నయం. కానీ అంటు గులాబీకి కింద ఉన్న అడవి గులాబీ వేరు నుంచి అడవి పిలకలు లేచి పై రకాన్ని నొక్కేస్తాయి. సొంత వేరున్న మొక్కకి ఆ బెడద లేదు.

కడియపులంక కుర్రాడు:
అక్క చెప్పినట్టే చేశాను. పన్నెండు సీసాల్లో అయిదింటికి వేళ్లొచ్చాయి, తెల్లగా, సేమ్యా ముక్కల్లా. నాన్నగారు ఒకటి వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూశారు. "అయితే దీనికి కింద అడవి పిలక లేవదన్నమాట?" అని అడిగారు.