అంతరిక్షంలో గొడుగు పెట్టి భూమిని చల్లబరచడం నిజంగా అయ్యే పనేనా?

వెన్నెల_అమ్మ:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో డిబేట్ ఉంది. సూర్యుడికి అడ్డంగా అంతరిక్షంలో తెర కట్టి భూమిని చల్లబరచవచ్చు అనే పక్షాన మాట్లాడాలట. నేను అకౌంట్స్ మనిషిని, సైన్సు పదో తరగతితోనే వదిలేశాను. అయినా రెండు సందేహాలు వచ్చాయి. అంత పెద్ద తెర పెడితే ఏదో ఒక చోట ఎప్పుడూ గ్రహణం పట్టినట్టు చీకటిగా ఉండదా? రెండోది, తెర ఎంత పలచగా చేస్తే అంత తేలిక కదా, మరి అందరూ బరువు బరువు అని ఎందుకంటారు? లింకులు వద్దండీ, చదివి చదివి తల తిరుగుతోంది.

రాకెట్_పిచ్చి:
అయ్యే పని కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బరువు దాదాపు 420 టన్నులు. దాన్ని ముక్కలుగా పంపి కట్టడానికే పదేళ్ళు దాటింది. ఇక్కడ కోట్ల టన్నుల మాట. పాపని పక్షం మార్చుకోమనండి.

చాక్‌పీసు_మాస్టారు:
పక్షం మార్చుకోనక్కర్లేదమ్మా. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఇలాంటి ప్రశ్న దొరికితే వదలను.

ముందు గ్రహణం సంగతి. ట్యూబ్‌లైటు కింద నేల మీద తెల్ల కాగితం పరిచి, చొక్కా గుండీ ఒకటి కాగితానికి దగ్గరగా పట్టుకోమనండి. నీడ పడుతుంది. మెల్లగా పైకి ఎత్తమనండి. కాసేపటికి నీడ కనబడదు. తెర సంగతీ అంతే. దాన్ని పెట్టాలనుకునే చోటు లగ్రాంజ్ బిందువు ఎల్1, అంటే సూర్యుడి లాగుడూ భూమి లాగుడూ కుదురుకుని, వస్తువు భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరగగలిగే చోటు. సూర్యుడి వైపు, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం. మన ఆదిత్య-ఎల్1 తిరుగుతున్నది దాని చుట్టూనే. అక్కణ్ణించి సూర్యుణ్ణి పూర్తిగా కప్పాలంటే తెర 14 వేల కిలోమీటర్ల వెడల్పు ఉండాలి, అంటే భూమికన్నా పెద్దది. మనకి అంత అక్కర్లేదు. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే వచ్చే వేడిని సరిచేయడానికి ఎండలో 1.8 శాతం ఆపితే చాలని లెక్క. దానికి 1,900 కిలోమీటర్ల వెడల్పు సరిపోతుంది. 2012లో శుక్రుడు సూర్యబింబం మీదుగా చుక్కలా వెళ్ళాడు చూశారా, దానికి నాలుగు రెట్లకి పైగా ఉన్న చుక్క అనుకోండి. ఏ ఊళ్ళోనూ చీకటి పడదు, అందరికీ ఎండ ఒక్క పిసరు తగ్గుతుంది.

1,900 అనేది చిన్న అంకెలా ఉంటుంది కానీ, వైశాల్యం అర్జెంటీనా దేశమంత!

ఇక బరువు. అసలు మెలిక ఇక్కడే ఉంది, చాలామంది దీన్ని దాటవేస్తారు. వెలుతురు వస్తువుల్ని నెడుతుంది. అద్దంలాంటి తెర మీద చదరపు కిలోమీటరుకి సుమారు 9 న్యూటన్లు, అంటే కిలో బరువంత కూడా కాదు. కానీ తెర పలచనయ్యేకొద్దీ ఆ తోపుడే పెద్దదై కూర్చుంటుంది, తెరని భూమి వైపు నెట్టేస్తుంది. నిలబెట్టాలంటే సూర్యుడి వైపు ఇంకా ముందుకి జరపాలి. జరిపితే భూమికి దూరమవుతుంది, అదే 1.8 శాతానికి ఇంకా పెద్ద తెర కావాలి. తేలిక చేయబోతే పెద్దదవుతుంది, పెద్దదైతే బరువు మళ్ళీ పెరుగుతుంది.

రోజర్ ఏంజెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2006లో దీనికి ఒక ఉపాయం చెప్పారు. వెలుతురుని వెనక్కి కొట్టకుండా కాస్త పక్కకి వంచి పంపే పారదర్శకమైన పళ్ళేలు. ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 గ్రాముల బరువు. అప్పుడు తోపుడు బాగా తగ్గుతుంది, 18.5 లక్షల కిలోమీటర్ల దగ్గర నిలబెట్టవచ్చు. కావలసినవి 16 లక్షల కోట్ల పళ్ళేలు, మొత్తం 2 కోట్ల టన్నులు. ఒక్కసారికి 100 టన్నులు మోసే రాకెట్లు రోజుకి పది పంపినా 55 ఏళ్ళు పడుతుంది. ఆయన పళ్ళేలకి వేసిన ఆయుష్షు 50 ఏళ్ళు. చివరిది చేరేలోపే మొదటిది పోతుంది! అందుకే ఆయన రాకెట్లు వద్దని, విద్యుదయస్కాంత ఫిరంగులు, అంటే మందుగుండు బదులు కరెంటుతో విసిరేవి, 20 పెట్టి, ఒక్కోదాన్నీ ఐదు నిమిషాలకోసారి పదేళ్ళు పేల్చాలన్నారు. అలాంటి ఫిరంగి ఒక్కటీ ఇప్పటికి లేదు.

గులకరాయి:
మాస్టారూ, గ్రహశకలానికి కట్టే ఐడియా మర్చిపోయారు. 2023లో ఇస్త్వాన్ సపూడి అనే ఖగోళ శాస్త్రవేత్త చెప్పింది. తెరకి పొడవాటి తాడు కట్టి, సూర్యుడి వైపు కొసన రాయి వేలాడదీస్తే తోపుడికి సరిజోడు. మొత్తం 35 లక్షల టన్నులే, అందులో భూమి నుంచి పంపాల్సిన తెర 35 వేల టన్నులు.

చాక్‌పీసు_మాస్టారు:
మర్చిపోలేదు నాయనా, దాచిపెట్టాను. నాకూ ఇష్టమైన ఐడియానే. కానీ 2023లోనే బెన్ను అనే గ్రహశకలం నుంచి ఒక నౌక మట్టి తెచ్చింది, ఎంతో తెలుసా? 121 గ్రాములు. దానికి ఏడేళ్ళు పట్టింది. సపూడి గారి రాయి దాదాపు 35 లక్షల టన్నులు.

వెన్నెల_అమ్మ:
అయితే ఎదుటి పక్షం దేంతో కొడుతుంది?

చాక్‌పీసు_మాస్టారు:
బరువుతో కొడితే భయపడక్కర్లేదు, సూత్రప్రకారం కుదురుతుందని చెప్పవచ్చు. సముద్రంతో కొడితేనే కష్టం. తెర ఎండని తగ్గిస్తుంది తప్ప గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని తీయదు. అది సముద్రంలో కరిగి నీటి ఆమ్లగుణం పెరుగుతూనే ఉంటుంది. వానలు కూడా మొత్తంమీద తగ్గుతాయని మోడళ్ళు చూపిస్తున్నాయి. ఎల్1 దగ్గర ఏదీ తనంతట తాను నిలబడదు కూడా. సర్దుతూ ఉండకపోతే కొన్ని వారాల్లో జారిపోతుంది. గాలిలో కార్బన్ అలాగే ఉండగా తెర పోయిందనుకోండి, ఇన్నేళ్ళు ఆపిన వేడంతా కొద్ది ఏళ్ళలో మీద పడుతుంది. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

వెన్నెల_అమ్మ:
గుండీ ప్రయోగం చేసింది. ఇప్పుడు నన్ను తినేస్తోంది: "నీడ మాయమైతే గుండీ ఆపిన వెలుతురు ఎక్కడికి పోయింది?" అని.

చాక్‌పీసు_మాస్టారు:
ఎక్కడికీ పోలేదు, గుండీ దగ్గరే ఆగిపోయింది. ఆ లోటు కాగితమంతా పరుచుకుంది కాబట్టి కంటికి ఆనడం లేదు. ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ ఉంటే, గుండీ బదులు పుస్తకం అట్ట పట్టుకుని చూడమనండి, అంకె తగ్గుతుంది.