ప్యాంట్రీ కారు, డైనింగ్ కారు: రెండింటికీ ఒకే తెలుగు మాట సరిపోతుందా?

ప్రశ్న:

పాతకాలపు రైలు ప్రయాణాల గురించిన ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో డైనింగ్ కారు అన్న మాట పదేపదే వస్తుంది. మొదట "భోజన పెట్టె" అని రాశాను గానీ, చదివిన మా అమ్మగారు అది పిల్లలు బడికి పట్టుకెళ్ళే అన్నం డబ్బా అనుకున్నారు. ఆ పైన "భోజన బోగీ" అని మార్చాను. తీరా వ్యాసం చివరికి వచ్చేసరికి ప్యాంట్రీ కారు కూడా ఎదురైంది. దానికీ ఇదే మాట వాడవచ్చునా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు:

అమ్మగారి అనుమానం సబబైనదే. "రైలు పెట్టె" అన్నప్పుడు పక్కన రైలు ఉంది కాబట్టి పెట్టె అంటే ఏమిటో మనకు తెలుస్తుంది. ఆ రైలును తీసి భోజనాన్ని పెడితే పెట్టె మళ్ళీ మామూలు పెట్టె అయిపోతుంది. ఇక మీ అసలు ప్రశ్నకు నా జవాబు, వాడకూడదనే. డైనింగ్ కారులోనైతే మనిషి లేచి నడుచుకుంటూ తిండి దగ్గరకు వెళ్తాడు. ప్యాంట్రీ కారు నుంచైతే తిండే నడుచుకుంటూ మనిషి దగ్గరకు వస్తుంది. రెండింటినీ భోజన బోగీ అనేస్తే ఈ తేడా పోతుంది, దానితోపాటు మీరు అనువదిస్తున్న వ్యాసంలోని కథ కూడా సగం పోతుంది.

డైనింగ్ కారు రాకముందు రైలు ప్రయాణికుడి భోజనం స్టేషన్‌లోనే. ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారు స్విండన్ స్టేషన్‌లోని ఫలహారశాలను 1840ల మొదట్లో 99 ఏళ్ళ కౌలుకిచ్చి, ప్రతి రైలునూ అక్కడ పది నిమిషాలు ఆపుతామని ఒప్పుకున్నారు. రైళ్ళ వేగం పెరిగిన కొద్దీ ఆ పది నిమిషాలు వారికి మెడకు గుదిబండ అయ్యాయి. చివరికి 1895లో లక్ష పౌన్లు చెల్లించి ఆ ఒప్పందాన్ని వదిలించుకున్నారు. అమెరికాలో రైలు పెట్టెలు తయారుచేయించే జార్జ్ పుల్‌మన్ వేరే దారి పట్టాడు. నిద్రబోగీకే ఒక కొసన వంటగది తగిలించిన పెట్టెను 1867లో దించి, మరుసటి ఏడు కేవలం భోజనానికే ప్రత్యేకించిన పెట్టెను తయారుచేయించి, దానికి న్యూయార్కులో పేరుమోసిన ఒక భోజనశాల పేరే, డెల్మోనికో అని, పెట్టాడు. మీ అనువాదానికి ఈ పేరు మంచి ఆధారం. డైనింగ్ కారంటే వంటగది కాదు, రైలెక్కిన హోటలు అన్నమాట. బల్ల, తెల్లని గుడ్డ, వడ్డించే మనిషి ఉండాలి, కూర్చుని తినే చోటు ఉండాలి. ఇంగ్లండులో 1879లో లండన్, లీడ్స్ నగరాల మధ్య మొదటి తరగతి వారికి ఇలాంటి పెట్టె నడిచింది. అమెరికా వాడి పెట్టెతో పాటే అమెరికా వాడి "కార్" అన్న మాటా దిగుమతి అయింది గానీ, లేకపోతే ఇంగ్లీషువారు దీన్ని క్యారేజి అనే అనేవారు, మన పిల్లలకు రైలులో కారేమిటన్న సందేహం వచ్చేది కాదు.

పనిలో పనిగా ఒక చిన్న ముచ్చట. డైన్ అన్న ఇంగ్లీషు మాట పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలార్థం ఉపవాసం విరమించడం. అంటే ఏకాదశి ఉపవాసం చేసి ద్వాదశినాడు మనం చేసే పారణ ఉందే, సరిగ్గా అదే. డైనింగ్ కారును పారణ బోగీ అనమని నేను అనను గానీ, రైలు ఆలస్యమైన రోజుల్లో ఆ పేరు ఎక్కువ నప్పుతుందేమో!

ఇప్పుడు అసలు కిటుకు దగ్గరకు వద్దాం. తొలినాళ్ళలో ఒక పెట్టెలోంచి పక్క పెట్టెలోకి నడిచి వెళ్ళే మూసిన దారి ఉండేది కాదు. పుల్‌మన్ కంపెనీ 1887లో పెట్టెల కొసలను కలిపే వెస్టిబ్యూల్‌ను తెచ్చిన తరువాతే నడుస్తున్న రైలులో భోజనానికి వెళ్ళి తిరిగి రావడం సుఖమైన పని అయింది. మన దేశంలో ఆ దారి చాలాకాలం రాలేదు. మెయిలు రైళ్ళకు డైనింగ్ కారు ఉన్నా, ఏదో ఒక స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీదుగా నడిచి అందులోకి ఎక్కడం, తిన్న తరువాత మరో స్టేషన్ వచ్చేదాకా అక్కడే కూర్చోవడం, ఆ పైన దిగి తన పెట్టెకు పరుగెత్తడం, ఇదీ వరస. దక్షిణాది లైన్ల మీద మద్రాసు స్పెన్సర్ కంపెనీ, తూర్పున ఈస్ట్ ఇండియన్ రైల్వే మీద కెల్నర్ కంపెనీ ఈ భోజనాల ఏర్పాట్లు చూసేవి. ఆ పెట్టెలు ప్రధానంగా పై తరగతుల వారి కోసం. మూడో తరగతి ప్రయాణికుడికి చద్దిమూట ఉంది, ప్లాట్‌ఫారం మీద అమ్మేవాడున్నాడు. ప్రయాణపు తిండికి తెలుగులో ఉన్న పాత మాటలు చూడండి: చద్దిమూట, దారిబత్తెం, పొట్లం. అన్నీ మోసుకెళ్ళే తిండికి పేర్లే గానీ, దారిలో కూర్చోబెట్టి వడ్డించే తిండికి పేర్లు కావు.

మద్రాసులోని పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారం 1955లో మొదలై, అక్కడి పెట్టెలు దేశమంతా పరుచుకుని, వెస్టిబ్యూల్ మామూలైపోయిన తరువాత జరిగింది నాకు విచిత్రంగా తోస్తుంది. పై దేశాలలో డైనింగ్ కారును నిలబెట్టిన ఆ దారే ఇక్కడ దాన్ని పడగొట్టింది. వడ్డించే మనిషి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి రాగలిగినప్పుడు, తినేవాడు లేవనక్కరలేదు. స్లీపరు పెట్టె ఒక్కదానిలో 72 బెర్తులు అమ్ముకోవచ్చు, డైనింగ్ కారులో కుర్చీలకు టికెట్టు లేదు. అందుచేత బల్లలు పోయాయి, పొయ్యిలు మిగిలాయి. అలా మిగిలినదే ప్యాంట్రీ కారు. ముంబయి, పుణె మధ్య 1930 జూన్ 1 నుంచి నడుస్తున్న దక్కన్ క్వీన్‌కు మాత్రం ఇప్పటికీ డైనింగ్ కారు ఉంది. ఆ రైలుకు 2022లో కొత్త పెట్టెలు వేసినప్పుడు కూడా 40 మంది కూర్చునే డైనింగ్ కారును ఉంచారు.

మరి ప్యాంట్రీకి తెలుగు చేయాలా? అక్కరలేదంటాను. ఆ మాట మూలంలో రొట్టెలు దాచుకునే గది. లాటిన్‌లో రొట్టెకున్న పేరే దాని వేరు. అదే వేరు పోర్చుగీసు మీదుగా వచ్చి ముంబయి వీధుల్లో పావ్ అయింది. మన నోట అది మరింత దూరం ప్రయాణించింది. విజయవాడ దాటాక స్లీపరులో కూర్చుని ఒకసారి చెవిపెట్టి వినండి. "ప్యాంట్రీ ఉందా ఈ బండికి?" అన్నప్పుడు అది పెట్టె. "ప్యాంట్రీ తినలేం బాబూ" అన్నప్పుడు అది భోజనం. చిన్న కాగితాల కట్ట చేతపట్టుకుని "ఎస్ ఆరు, ముప్పై రెండు, ఎగ్ బిర్యానీ ఒకటి" అని గొణుక్కుంటూ రాసుకుపోయే కుర్రవాడి గురించి పై బెర్తులోంచి ఎవరో "ప్యాంట్రీ వచ్చాడా?" అని అడుగుతారు. వచ్చింది కాదు, వచ్చాడు. పెట్టె పేరు మనిషి పేరై, క్రియకు పుంలింగ ప్రత్యయం కూడా తగిలించుకున్నదంటే ఆ మాట తెలుగైపోయినట్టే లెక్క. వివరణగా ఎక్కడైనా అవసరమైతే "వంటబోగీ" అనండి, చాలు.

బోగీ అన్న మాటను కూడా కాస్త జాగ్రత్తగా రాయండి. ఇంగ్లీషులో అది పెట్టె కింద చక్రాలను మోస్తూ అటూ ఇటూ తిరిగే చట్రానికి పేరు. అలాంటి చట్రాల మీద నడిచే పెట్టెను మనవాళ్ళు పొట్టిగా బోగీ అన్నారు, అదే స్థిరపడింది. కొందరు దీన్ని ఒత్తు భకారంతో "భోగీ" అని రాస్తారు. తప్పే, కానీ డైనింగ్ కారు విషయంలో ఆ తప్పు కూడా అందంగా కుదిరింది, ఎందుకంటే భోజనం, భోగం రెండూ భుజ్ అన్న ఒకే ధాతువు బిడ్డలు.

డైనింగ్ కారుకు మాత్రం నా సూచన "పూటకూళ్ళ బోగీ". డబ్బు తీసుకుని పూటకు ఇంతని అన్నం పెట్టే ఇంటిని పూటకూళ్ళ ఇల్లు అనడం మనకు శతాబ్దాలనాటి అలవాటు. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలోనే ఓరుగల్లులో ఒక రూకకు దొరికే పూటకూళ్ళ భోజనం వర్ణన ఉంది. కూర్చుని, తిని, డబ్బిచ్చి లేచే చోటు అన్న అర్థం ఇందులో ఉన్నంత సూటిగా మరే మాటలోనూ లేదు.

స్పందన:

వంటబోగీ బాగుందండి. కానీ పూటకూళ్ళ బోగీతో నాకు పేచీ ఉంది. కూడు అన్న మాట ఇప్పుడు మర్యాదగా వినబడదు. పూటకూళ్ళు అనగానే అరుగు, విస్తరి, పొగచూరిన వంటిల్లు గుర్తొస్తాయి. మీరే చెప్పిన తెల్లని గుడ్డ పరిచిన బల్ల, మొదటి తరగతి దొరలు ఆ మాటలో ఎలా ఇముడుతారు? పైగా పూటకూళ్ళ ఇంటిలో అందరూ ఒక బంతిలో కూర్చుంటే ఒకే వంట వడ్డిస్తారు. పుల్‌మన్ పెట్టెలో జాబితా చూసి కోరుకుంటారు.

మళ్ళీ జవాబు:

బంతి విషయంలో మీ మాట నేను ఒప్పుకుంటున్నాను, నాకు తట్టలేదు. మర్యాద విషయంలో మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. కూడు ఒంటరిగా మోటుగా వినిపించినా, సమాసంలో దాని పాత గౌరవం ఇంకా ఉంది. అయినా అనువాదకులకు ఇబ్బంది రాకూడదు కాబట్టి ఇలా సర్దుదాం: పుల్‌మన్ వైభవం చెప్పే చోట "భోజనశాల బోగీ" అనండి. ఆగిన స్టేషన్‌లో ఎక్కి, తిని, మరో స్టేషన్‌లో దిగిన ప్రయాణికుల గురించి చెప్పే చోట వ్యాసం నడక ఒప్పుకుంటే పూటకూళ్ళ బోగీని ఒకసారి వాడి చూడండి.

ప్యాంట్రీ గురించి ఇంకొక్క మాట కలపాలి. 2023 సంక్రాంతినాడు మొదలైన సికింద్రాబాద్, విశాఖపట్నం వందే భారత్‌లో పెట్టె కొసన ఉండే చిన్న గదినీ ప్యాంట్రీ అనే అంటున్నారు. బయట వండి తెచ్చిన పళ్ళేలను అక్కడ ఉంచి, వేడిచేసి అందిస్తారు. పొయ్యి లేదు కాబట్టి దాన్ని వంటబోగీ అనడానికి వీల్లేదు. శతాబ్దాల కిందటి రొట్టెల గది అర్థానికి ఆ మాట తిరిగి చేరుకుంది. మీ వ్యాసంలో ఇటీవలి రైళ్ళ ప్రస్తావన ఉంటే అక్కడ ప్యాంట్రీ అనే ఉంచండి.