బళ్ళో ప్రార్థన: ఆ కోచ్ కేసు తీర్పు సరైనదేనా?

డాలస్ నాన్న:
టెక్సాస్ పది ఆజ్ఞల చట్టం మీద (2025లో వచ్చింది, ప్రతి ప్రభుత్వ బడి తరగతి గదిలోనూ ఆ పోస్టర్ ఉండాలంటుంది) ఇప్పటికే బోలెడు తిట్టుకున్నాం, నా ప్రశ్న అది కాదు. వాషింగ్టన్ రాష్ట్రం బ్రెమర్టన్‌లో ఫుట్‌బాల్ కోచ్ కెనడీ మ్యాచ్ అవగానే మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థన చేసుకునేవాడు. బడివాళ్ళు వద్దన్నారు. 2022లో సుప్రీంకోర్టు 6-3తో ఆయన్నే గెలిపించింది. నాకైతే ఇందులో తప్పేం కనబడట్లేదు. గవర్నమెంటు జీతం తీసుకుంటే దేవుణ్ణి గేటు బయట వదిలేసి రావాలా?

పాత గుంటూరు:
బాగా అడిగారు. మనలో సగంమంది మిషన్ స్కూళ్ళలో చదివినవాళ్ళమే కదండీ. పొద్దున్నే 'పరలోకమందున్న మా తండ్రీ' చెప్పేవాళ్ళం, సాయంత్రం గుడికెళ్ళి పులిహోర తినేవాళ్ళం. ఎవరు మారిపోయారు? ఈ అమెరికావాళ్ళు ప్రతిదానికీ కోర్టుకెక్కుతారు.

లా పిచ్చోడు:
గుంటూరు అన్నా, మిషన్ స్కూలు మీ నాన్నగారు ఏరికోరి చేర్పించింది. ఇక్కడి గొడవ పన్ను డబ్బుతో నడిచే బడి గురించి. మన రాజ్యాంగం కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది, 28వ అధికరణ తీసి చూడండి: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలో మతబోధ కూడదు, ప్రభుత్వ గుర్తింపో గ్రాంటో ఉన్న బళ్ళో అయితే పిల్లవాడి తరఫున పెద్దల సమ్మతి లేనిదే ప్రార్థనకి రమ్మనకూడదు.

ఇక అమెరికా సంగతి. 1962 ఎంగెల్ కేసులో న్యూయార్క్ విద్యాధికారులు రాసిన ప్రార్థన మొత్తం 22 మాటలే. ఏ మతం పేరూ లేదు, ఇష్టం లేనివాళ్ళు చెప్పక్కర్లేదు కూడా. అయినా 6-1తో కొట్టేశారు, ప్రార్థనలు రాసిపెట్టడం సర్కారు పని కాదని. అంతేగానీ పిల్లలు ప్రార్థించకూడదని కాదు. పరీక్షకి ముందు మీ అమ్మాయి కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా చదువుకుంటే ఎవరూ ఆపలేరు.

కేసులు వేసేది నాస్తికులే అనుకుంటారు చాలామంది. 2000లో టెక్సాస్ శాంటా ఫే కేసు, మ్యాచ్‌కి ముందు మైకులో ప్రార్థన చదివించడం గురించి. దావా వేసింది ఒక మార్మన్ కుటుంబం, ఒక క్యాథలిక్ కుటుంబం, అదీ పేర్లు దాచుకుని. 1992 వైస్‌మన్ కేసు ఇంకా విచిత్రం. రోడ్ ఐలాండ్‌లో పెద్దమ్మాయి గ్రాడ్యుయేషన్‌లో బాప్టిస్టు పాస్టరు ప్రార్థన చేస్తే వైస్‌మన్ అనే యూదు కుటుంబం అభ్యంతరం చెప్పింది. చిన్నమ్మాయి వంతు వచ్చేసరికి బడివాళ్ళు యూదు గురువునే పిలిచారు. ఆ తండ్రి అయినా ఒప్పుకోలేదు, 5-4తో గెలిచాడు. మనలో ఎంతమందికి ఉంది ఆ తెగువ? రేపు పొద్దున ఇక్కడి బళ్ళో గాయత్రి మంత్రం పెడతామంటే ఎగిరి గంతేస్తాం.

డాలస్ నాన్న:
నువ్వు చెప్పినవన్నీ బడి చేయించినవి. కెనడీ తనకోసం తను చేసుకున్నాడు, మైకు లేదు. మరి టీచరు బొట్టు పెట్టుకుని వస్తే? లంచ్ టైమ్‌లో నమాజ్ చేసుకుంటే? గీత ఎక్కడ గీస్తావు?

కేటీ అమ్మ:
బొట్టు పెట్టుకున్న టీచరు చుట్టూ పిల్లలు గుమిగూడి మోకరిల్లరు కదండీ. ఎవణ్ణి ఆడించాలి, ఎవణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాలి అన్నది కోచ్‌ల చేతిలో ఉంటుంది. బ్రెమర్టన్‌లోనే ఒక తండ్రి చెప్పాడు, మా వాడు నాస్తికుడు, అయినా వెళ్ళకపోతే ఎక్కువ ఆడనివ్వరేమోనని ప్రార్థనలో కలిశాడని. 'ఇష్టముంటేనే రండి' అంటే పదిహేనేళ్ళ పిల్లాడికి ఏమని వినబడుతుంది? మా వాడైతే కోచ్ దగ్గినా మంచినీళ్ళు పట్టుకుని పరిగెత్తే రకం.

లా పిచ్చోడు:
అదే నా బాధ. తీర్పు రాసిన గోర్సచ్ దీన్ని ఒక మనిషి నెమ్మదిగా చేసుకున్న సొంత ప్రార్థన అన్నారు. ఇంకో జడ్జి సోటొమేయర్ విభేదిస్తూ ఏకంగా ఫొటోలే పెట్టారు, మధ్యలో కోచ్, చుట్టూ ఆటగాళ్ళు. పైగా 1971 నుంచి ఉన్న లెమన్ పరీక్షని (సర్కారు చర్యకి మతేతర ఉద్దేశం ఉందా, మతాన్ని పెంచుతోందా, మతంతో మరీ ముడిపడుతోందా) పక్కనపెట్టి, చరిత్రా ఆనవాయితీ చూసి తేల్చమన్నారు. ఆ దేశపు ఆనవాయితీ చూడమంటే ఎవరికి లాభమో వేరే చెప్పాలా? 1791లో అమెరికా రాజ్యాంగానికి మొదటి సవరణ (సర్కారు ఏ మతాన్నీ నెలకొల్పకూడదు, ఎవరి మతాచరణనీ ఆపకూడదు అనేది) వచ్చేనాటికి మనమెక్కడున్నాం?

డాలస్ నాన్న:
పాత ఎంగెల్ తీర్పుని కొట్టెయ్యలేదుగా! బలవంతం ఇప్పటికీ తప్పే. మెజారిటీ జడ్జీలు చూసింది 2015 అక్టోబరులో మూడు మ్యాచ్‌ల తర్వాత చేసిన ప్రార్థన, అప్పుడు తన ఆటగాళ్ళు వేరే పనిలో ఉన్నారని చెప్పి మరీ తేల్చారు.

కేటీ అమ్మ:
అంతకుముందు ఏళ్ళ తరబడి జరిగింది పిల్లలు మర్చిపోతారా అండీ? అన్నట్టు ఆయన గెలిచాక 2023లో తిరిగొచ్చి, ఒక్క మ్యాచ్‌కి పనిచేసి రాజీనామా ఇచ్చేశాడు.

పాత గుంటూరు:
ఒక్క మ్యాచ్ కోసమా అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగింది! సరేగానీ లా తమ్ముడూ, గాయత్రి మంత్రం పెడితే ఎగిరి గంతేస్తాం అన్నావు చూడు, నేనైతే నిజంగానే వేస్తాను. అందులో తప్పేంటో చెప్పు ముందు.