అడవిపందికి .223 చాలా, .308 కావాలా? (టెక్సస్ వాళ్లు చెప్పండి)

కొత్త_వేటగాడు
అందరికీ నమస్తే. డాలస్‌ నుంచి గంటన్నర దూరంలో మా టీమ్ లీడ్‌కి తెలిసినాయన పొలం ఉంది. అడవిపందులు గడ్డి చేనంతా తవ్వేస్తున్నాయట, వచ్చే నెల ఒక రాత్రి రమ్మన్నారు. నేను రేంజ్‌లో కాగితం మీద కాల్చడమే తప్ప ప్రాణమున్నదాని మీద ఎప్పుడూ తుపాకీ ఎత్తలేదు. ఫీడర్ (మొక్కజొన్న పోసి పందుల్ని రప్పించే డబ్బా) దగ్గర మాటు, దూరం వంద గజాల లోపే అంటున్నారు. ఒకాయన .223 క్యాలిబర్ (అంగుళాల్లో తూటా మందం) చాలంటాడు. ఇంకొకాయన .308 లేకుండా వెళ్తే పంది నవ్వుతుందంటాడు. ఏది నమ్మాలి? నేను హెచ్1బీ మీద ఉన్నాను, తుపాకీ ఆయనే ఇస్తారు.

ఎద్దులబండి
తమ్ముడూ, .223 చాలు. నాకు 46 ఎకరాలుంది, అంతా బెర్ముడా గడ్డే. రాత్రి ఒక మంద దిగిందంటే తెల్లారేసరికి నాగలి పెట్టి దున్నినట్టుంటుంది. ఆ గుంతల్లో పడి గడ్డి కోసే మిషన్ బ్లేడ్లు రెండుసార్లు పోగొట్టుకున్నాను. ఏడేళ్లుగా కాలుస్తున్నాను, చాలావరకు .223తోనే, 62 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత), మొన మెత్తగా ఉండి ఒంట్లో విచ్చుకునే సాఫ్ట్ పాయింట్‌తో. తుపాకీ భుజాన్ని తన్నదు కాబట్టి కొత్తవాడు కళ్లు మూసుకోడు, ట్రిగ్గర్‌ని గుంజడు. రెండో తూటాకి తొందరగా కుదురుకుంటాడు.

క్యాలిబర్ కంటే ముందు పంది గుండె ఎక్కడుందో నేర్చుకో. జింకకైతే జబ్బ వెనక కొడతారు. పందికి అక్కడ కొడితే పొట్టలో పడుతుంది, అది పరుగెత్తి ఏ తుప్పల్లోనో రెండు రోజులకి చస్తుంది. దాని గుండె ముందుకి, బాగా కిందకి, ముందుకాళ్ల మధ్య ఉంటుంది. పక్కకి తిరిగి నిలబడ్డప్పుడు ముందుకాలి వెంట చూపు పైకి తీసుకెళ్లి, ఒంట్లో కింది మూడో వంతులో ఆపాలి. చెయ్యి కుదురుగా ఉంటే చెవి కింద, కొంచెం వెనక. అక్కడ పడిందంటే ఏ క్యాలిబరైనా ఒకటే.

మూడొందల_ఎనిమిది
"ఏ క్యాలిబరైనా ఒకటే" అన్న మాటే కొంప ముంచేది. లెక్క చూడండి. 55 గ్రెయిన్ల .223 తూటా బారెల్ దాటేటప్పుడు సుమారు 1,280 అడుగు-పౌండ్ల శక్తితో వెళ్తుంది. 150 గ్రెయిన్ల .308 అయితే సుమారు 2,650. రెట్టింపు కంటే ఎక్కువ. ఆడపంది యాభై, అరవై కిలోలుంటుంది, దానికి .223 సరే. కానీ ముసలి మగపంది తొంభై కిలోలు దాటి వస్తుంది. దాని జబ్బల మీద షీల్డ్ అని గట్టి పొర ఉంటుంది, ఒకదాన్నొకటి కోరలతో పొడుచుకున్నప్పుడు కాపాడేది అదే. నేను కోసిన ఒకదానికి అంగుళంన్నర మందం ఉంది.

చీకట్లో, గుండె దడదడలాడుతుంటే, కొత్తవాడు చెవి వెనక నాణెమంత చోట కొడతాడా? ఏటవాలుగా నిలబడితే? బ్రో, తప్పుకి కాస్త జాగా ఇచ్చే తుపాకీ తీసుకో.

బ్లాకవుట్_భీమ్
.300 బ్లాకవుట్, 110 గ్రెయిన్లు. గొడవ వదిలిపోతుంది.

మూడొందల_ఎనిమిది
దాని శక్తి కూడా .223 దరిదాపుల్లోనే, భీమ్ గారూ. ఏం వదిలింది?

ఉల్లిదోశ
మా మావయ్య బల్లెంతో కొట్టేవాడు. దానికి గ్రెయిన్లెన్నో అడిగి చెప్తా.

వీసా_బాబాయ్
క్యాలిబర్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది చదువు బాబూ. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమి మీద, యజమాని ఒప్పుకుంటే, అడవిపందులకి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. అది రాష్ట్ర చట్టం. నీ ఇబ్బంది ఫెడరల్ చట్టంతో. హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. అంటే పందికి అక్కర్లేని లైసెన్స్ నీకు కావాలి! తుపాకీ ఆయనదే అయినా నీ చేతిలోకి వచ్చిందంటే నీ దగ్గరున్నట్టే లెక్క. ఆ లైసెన్స్ గడువు ఆగస్టు 31తో అయిపోతుంది, తేదీ చూసుకో. ఒకసారి లాయర్‌ని అడుగు. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాడికి పంది మాంసం కోసం టెన్షన్ ఎందుకు?

కొత్త_వేటగాడు
బాబాయ్, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్. రేపే కనుక్కుంటాను.

ఎద్దులబండి
మంచి మాట. ఇక షీల్డ్ సంగతి. అంగుళంన్నర ఎక్కడా చూడలేదు నేను. నేను కోసినవాటిలో వేలి మందం మించి లేదు. అయినా చెవి వెనక షీల్డ్ ఉండదు కదా? లేని చోట కొట్టమంటుంటే ఉన్నచోటు గురించి చెప్తారేంటి?

మూడొందల_ఎనిమిది
నేను స్కేలు పెట్టి కొలిచాను. మీ వేలెంత మందం?

ఎద్దులబండి
రైతు వేలు. ఆ స్కేలు తోలుతో కలిపి కొలిచిందా, తోలు తీశాకా?

మూడొందల_ఎనిమిది
తోలుతోనే. తూటా తోలు తీసుకుని లోపలికి వెళ్తుందా అండీ?

ఉల్లిదోశ
పాప్‌కార్న్ పెట్టా.

పాలమూరు_పల్లికాయ
అన్నలూ, మీది ఏది తీసుకోవాలన్న బాధ. మాది ఏదీ లేదన్న బాధ. పల్లి, మక్క వేస్తే పంటలో సగం వాటికే. ఇక్కడ అడవిపందిని కాల్చాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి రావాలి, అదీ సర్కారు ప్యానెల్‌లో ఉన్న షూటరే కాల్చాలి. చంపినదాన్ని తినకూడదు, అటవీ సిబ్బంది ముందు పాతిపెట్టాలి. క్యాలిబర్ల మాటంటారా, .303 నిషిద్ధ బోర్, మామూలు లైసెన్స్‌కి రాదు. మా దిక్కు వచ్చే షూటర్ల దగ్గర ఉండేది .315, లేదంటే 12 బోర్ గుండ్ల తుపాకీ. 12 బోర్‌లో ఎల్‌జీ, ఎస్‌జీ తూటాలు, అంటే పెద్ద గుండ్లవి, ముప్పై, నలభై గజాల దాకా పనికొస్తాయి, ఆపైన దెబ్బలు తగిలి పారిపోవడమే. అనుమతి వచ్చేలోపు పంట పోతుంది. అది చూసి కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. మా పక్క చేనులో నీళ్లు కట్టడానికి రాత్రి వెళ్లిన మనిషే ఆ తీగకి పోయాడు. మీరు షీల్డ్ మందం కొలుస్తున్నారు.

మూడొందల_ఎనిమిది
బాధాకరం అన్నా. కానీ గమనించండి, ఆ .315 కూడా 244 గ్రెయిన్ల బరువు తూటా. అక్కడి షూటర్లు కూడా బరువైనదే వాడుతున్నారు.

పాలమూరు_పల్లికాయ
దొరికేది అదే కాబట్టి వాడుతున్నారు అన్నా. నేను చెప్పింది మనిషి పోయిన సంగతి.

గోదారి_గట్టు
అసలు కాల్చి ఏం సాధిస్తారు? పదిహేను పందుల మందలో రెండు పడతాయి, మిగతా పదమూడూ ఆ చోటు పేరెత్తవు. నాలుగు వారాలకి పక్క పొలంలో తేలతాయి, ఈసారి దీపం చూస్తే పరుగే. ఏటా మూడింట రెండొంతులు తీసేస్తే గానీ వాటి సంఖ్య పెరక్కుండా ఆగదని ఇక్కడ అందరూ చెప్పే లెక్క. పెద్ద బోను కట్టి, మొక్కజొన్న పోసి అలవాటు చేసి, మందంతా లోపలికి వచ్చాక ఫోన్‌లో చూసి గేటు వదలాలి. కోసేవాళ్లు గ్లవ్స్ మర్చిపోకండి, బ్రూసెల్లా అనే పందుల జబ్బు మనుషులకీ వస్తుంది. మాంసం లోపలి దాకా 71 డిగ్రీల సెల్సియస్ తగిలేలా ఉడకాలి.

ఎద్దులబండి
ఆ బోను ఖరీదు ఎవరిస్తారు గట్టు గారూ? నేనూ అద్దెకి తెచ్చి చూశాను, పని చేస్తుంది, కాదనను. తమ్ముడు అడిగింది మాత్రం ఒక్క రాత్రి సంగతి.

తమ్ముడూ, నేను .308 వద్దనడానికి అసలు కారణం వేరే. నా పొలం బల్లపరుపుగా ఉంటుంది. తూటా పందిలోంచి దూసుకెళ్లాక దాన్ని ఆపడానికి వెనక గట్టు లేదు. .223 సాఫ్ట్ పాయింట్ మామూలుగా ఒంట్లోనే విచ్చుకుని ఆగుతుంది. .308 ఆగదు. ఒకతన్ని పిలిచి నేను అనుభవించాను.

మూడొందల_ఎనిమిది
ఆగుతుందని ఏ తూటాకీ గ్యారంటీ లేదు, .223కి కూడా. వెనక ఏముందో చూపించాల్సింది భూమి ఉన్నాయన. కొందరు పిలుస్తారు, "అటంతా ఖాళీ, భయం లేకుండా కొట్టు" అంటారు, చెట్ల వెనక ఏముందో చెప్పరు. తర్వాత నింద క్యాలిబర్ మీదకి తోస్తారు. కొత్తగా వెళ్లే బ్రో, పగటిపూట ఒకసారి పొలమంతా నడిచి చూడు. ఇది నా సొంత అనుభవం.

ఎద్దులబండి
ఒక్క నిమిషం. ఏ చెట్లు?

మూడొందల_ఎనిమిది
పీకాన్ చెట్లు. వరసగా ఆరు.

ఎద్దులబండి
నువ్వా!

రెండేళ్లయింది. పక్కాయన స్టీల్ నీళ్ల తొట్టికి అటూ ఇటూ చిల్లు పెట్టి వెళ్లి, ఇక్కడ కొత్తవాళ్లకి సలహాలు చెప్తున్నావా? ఆ రాత్రి ఆవులు ఇవతలి మూల ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఆ పెద్దాయన ఒక్క మాట అనలేదు. మరుసటి వారం గేటుకి గొలుసు వేశాడు. నా గడ్డి ట్రైలర్ వెళ్లే దారి అది. ఇప్పుడు ప్రతి కోతకీ నాలుగు మైళ్లు చుట్టు తిరుగుతున్నాను.

మూడొందల_ఎనిమిది
తొట్టి డబ్బులు మర్నాడే మీ చేతిలో పెట్టాను. ఆయనకి ఇచ్చారో లేదో నాకు తెలియదు. నేనే వెళ్లి సారీ చెప్తానంటే వద్దన్నది మీరు. ఇంకోటి కూడా చెప్పండి ఇక్కడ. ఆ ఫీడర్ ఎవరు కొన్నారు? పదకొండు బస్తాల మొక్కజొన్న ఎవరు మోశారు? "సీజనంతా నీదే" అన్నది ఎవరు? ఆ రాత్రి తర్వాత నా ఫోన్ ఒక్కసారైనా ఎత్తారా?

ఎద్దులబండి
డబ్బు ఆయనకే ఇచ్చాను, తీసుకోలేదు. నా డ్రాయర్‌లో ఉంది. తొట్టి అక్కడికి మార్చారని నాకూ ఆ రాత్రే తెలిసింది.

మూడొందల_ఎనిమిది
అంటే "అటంతా ఖాళీ" అన్నది చూడకుండానే అన్నారు.

ఎద్దులబండి
చూడకుండానే అన్నాను. నువ్వు కొట్టిన తూటా ఏంటో కూడా చెప్పు మరి.

బ్లాకవుట్_భీమ్
అవును, ఏం తూటా?

మూడొందల_ఎనిమిది
147 గ్రెయిన్లు.

బ్లాకవుట్_భీమ్
సాఫ్ట్ పాయింటా?

మూడొందల_ఎనిమిది
కాదు. ఫుల్ మెటల్ జాకెట్. రేంజ్‌లో మిగిలినవి. అప్పటికి నాకు తేడా తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

బ్లాకవుట్_భీమ్
ఓరి నాయనో. అది విచ్చుకోదు కదా అన్నా, సూదిలా దూరి అటువైపు వెళ్లిపోతుంది. దాంతో .223 అయినా అంతే.

ఉల్లిదోశ
పాప్‌కార్న్ మాడిపోయింది.

కొత్త_వేటగాడు
నా వల్ల ఇంత గొడవైనందుకు సారీ. అయితే ఇప్పుడు నేనేం చెయ్యాలి?

ఎద్దులబండి
తూటా పెట్టె మీద సాఫ్ట్ పాయింట్ అని ఉందో లేదో చదువు. ఆయన ఏ తుపాకీ ఇస్తాడో దానితోనే వెళ్లేముందు రేంజ్‌లో నలభై కాల్చు, కూర్చుని, వంద గజాలకి. పొలం పగలు చూడు. ఆ పగలు చూసే మాట అతను చెప్పిందే, అందులో తప్పు లేదు.

వీసా_బాబాయ్
లైసెన్స్!

కొత్త_వేటగాడు
కొంటున్నా బాబాయ్.

మూడొందల_ఎనిమిది
ఫీడర్ ఎప్పుడు తీసుకెళ్లమంటారు?

ఎద్దులబండి
శనివారం పొద్దున. గేటు కోడ్ మార్చాను, వచ్చాక ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. డ్రాయర్‌లో నీ డబ్బు కూడా తీసుకెళ్లు. ఫీడర్‌కి ఒక కాలు వంగింది, పందులే తోశాయి.

మూడొందల_ఎనిమిది
ఏ కాలు?